ఎలకలకి పోసిన పసరు

ఎం.ఫార్మసీలో నా ప్రాజెక్టు నేల ఉసిరి మీద, పసిరికలకి (కామెర్లకి) మా ఊళ్ళో పసరు పోసే మొక్క. ఆకు నీడన ఎండబెట్టి, సారం తీసి తెల్ల ఎలకలకి పట్టాలి. వాటి కాలేయాన్ని ముందు మనమే కార్బన్ టెట్రాక్లోరైడ్‌తో పాడు చెయ్యాలి. కొందరైతే పారాసిటమాల్ ఎక్కువ మోతాదులో ఇస్తారు. గ్రూపుకి ఆరు ఎలకలు. ఒక గ్రూపుకి ఏమీ ఇవ్వం, ఒక దానికి విషం మాత్రమే, ఒక దానికి విషంతో పాటు సిలిమారిన్ అనే కాలేయం మందు, మిగతా వాటికి మన సారం. తర్వాత రక్తం తీసి, కాలేయం ఎంత పాడైందో చెప్పే ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ చూస్తాం.

ఆ పనిలో ఉండగానే జ్వరం వచ్చింది. విశాఖ మద్దిలపాలెంలో నా రూములో నాలుగు రోజులు పడుకున్నాను. పోపు వాసన వస్తే వాంతి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారినా నీళ్ళు తక్కువ తాగానేమో అనుకున్నాను. చదివిందేమో కాలేయం గురించి! చివరికి ల్యాబ్‌లో ఫ్రెండ్ నా మొహం చూసి, "నీ కళ్ళు అద్దంలో చూసుకున్నావా?" అంది.

బిలిరుబిన్ 9.2. ఎస్‌జీపీటీ 1,840. రెండూ బాగా ఎక్కువే. హెపటైటిస్ ఎ. నీళ్ళ వల్లో, బయట తిన్న తిండి వల్లో తెలీదు. దీనికి ప్రత్యేకంగా మందు లేదు, విశ్రాంతి తీసుకో, తినగలిగింది తిను, అడక్కుండా ఏ మాత్రా పసరూ వేసుకోకు అన్నారు డాక్టరు గారు. జ్వరానికి మింగిన పారాసిటమాల్ గుర్తొచ్చి వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాను. మోతాదు దాటలేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు అనకాపల్లి వైపు మా ఊరి నుంచి మామ్మ బస్సెక్కి వచ్చేసింది, సీసాతో. నేల ఉసిరే. తాగనన్నాను.

"ఎలకలకైతే పోస్తావు, నువ్వు తాగవేటే?"

మామ్మ పూర్తిగా తప్పనీ అనలేను. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్న 37 మందికి నేల ఉసిరి జాతి మొక్క ఇస్తే 22 మందిలో ఆ వైరస్ గుర్తు రక్తంలో కనపడకుండా పోయిందని లాన్సెట్‌లో రాశారు. తర్వాత వేరే చోట్ల చేస్తే అలా రాలేదు. ఇదంతా మామ్మకి చెప్తే, "మరి 22 మందికి తగ్గిందా లేదా?" అంది.

మూడు వారాలు ఒళ్ళంతా దురద. పెరుగన్నం, బొప్పాయి, నిద్ర. మామ్మ ఉప్పు కూడా మానిపించబోయింది, ఆ పత్యం మాత్రం ఒప్పుకోలేదు. ఆరో వారానికి బిలిరుబిన్ 1.1కి దిగింది. సీసా మూత తియ్యకుండానే.

తాగి ఉంటే పసరుతోనే తగ్గిందని నేనూ నమ్మేదాన్నేమో. ఒక్కసారి విషం ఇచ్చి వదిలేసిన ఎలక కాలేయం కూడా కొన్నాళ్ళకి చాలావరకు తనంతట తానే బాగుపడుతుంది. విషం మాత్రమే ఇచ్చిన ఆ ఆరూ పక్కన లేకపోతే మా సారం ఏం చేసిందో చెప్పలేం. ఇదివరకు ఆ బోను చూస్తే జాలేసేది, అనవసరంగా పెట్టాం అనిపించేది.

మొన్న మామ్మ ఫోన్ చేసింది. ఊళ్ళో ఎవరికో పసిరికలట. ముందు రక్త పరీక్ష చేయించమన్నాను.

"చేయిస్తార్లే. పసరూ ఇస్తాను" అంది.