పనిముట్లు ఎక్కడున్నాయో చెప్పి వెళ్లిన కుర్రాడు

నిద్ర పట్టడం లేదు. ఆయన రాత్రి డ్యూటీలో ఉన్నారు, పిల్లలు పడుకున్నారు. నా కోటు ఇంకా ఆరలేదు. వేల్స్‌లోని మా న్యూపోర్ట్ ఊళ్లో స్టో హిల్ వాలు నేను వారానికి రెండుసార్లు దిగే దారే. ఇవాళ వాన తగ్గేదాకా కింద వెస్ట్‌గేట్ హోటల్ దగ్గర నిలబడాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఒకటే ఆలోచన.

1839 నవంబరు 3 రాత్రి కూడా జోరువానే. గనులు, ఇనుప కొలుములు ఉన్న లోయల నుంచి చార్టిస్టులు అనే ఉద్యమకారులు వేలమంది తడుస్తూ నడిచి, మర్నాడు పొద్దున ఈ వాలు మీదుగానే న్యూపోర్ట్‌లోకి దిగారు. వాళ్లకు కావలసింది ఓటు. పన్నెండు లక్షలకు పైగా సంతకాలతో ఇచ్చిన అర్జీని పార్లమెంటు ఆ జూలైలోనే తోసిపుచ్చింది. వెస్ట్‌గేట్ హోటల్లో పట్టి ఉంచిన తమవాళ్లను వదలమని అడిగారు. లోపల 45వ రెజిమెంటు సైనికులు ముప్పై మంది దాకా ఉన్నారు. కిటికీ తలుపులు తెరిచి కాల్చారు. ఇరవై మందికి పైగా పోయారు.

అందులో జార్జ్ షెల్ ఒకడు. పాంటీపూల్ వడ్రంగి, ఇరవై ఏళ్లు నిండలేదు. బయలుదేరేముందు అమ్మానాన్నలకు రాసిన ఉత్తరంలో, బతికుంటే త్వరలో కలుస్తానని, లేకుంటే ఏడవవద్దని చెప్పి, తన పనిముట్లూ బట్టలూ ఎవరి దగ్గర ఉన్నాయో కూడా రాశాడు.

ఆ పనిముట్ల మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. మా తాతయ్య ఆపరేషనుకు వెళ్లే రోజు గుర్తొచ్చింది. రిక్షా గుమ్మంలో ఉంది. అమ్మమ్మ కళ్లు తుడుచుకుంటోంది. తాతయ్య ఆమెను దగ్గరకు పిలిచి, "బాడిస గుడి మండపం దగ్గరే ఉండిపోయింది, చిన్న చిత్రిక పక్కింట్లో ఉంది, ఉలులకు నూనె రాయించు" అన్నాడు. నొప్పి గురించి ఒక్క ముక్క లేదు. నెల తరవాత ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా బాడిస అంచును బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. ఆ వేలి చివర నల్లగా, పగుళ్లుగా ఉండేది.

వాన తగ్గేదాకా నా కోపమంతా ఆ పొద్దున సైనికులతో పాటు హోటల్లో ఉన్న మేయరు థామస్ ఫిలిప్స్ మీదే. కొద్ది వారాల్లోనే రాణి ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. చనిపోయినవాళ్లలో పదిమందిని మాత్రం రాత్రిపూట సెయింట్ ఊలోస్ చర్చి ఆవరణలో గుర్తైనా లేకుండా పూడ్చారు. అయితే ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే అనిపించింది, ఆ పొద్దున ఆయనకూ తూటాలు తగిలాయి. గుంపు తలుపులు బద్దలు కొడుతుంటే లోపలివాళ్లు ఎంత భయపడి ఉంటారో. ఆ భయాన్ని నేను అర్థం చేసుకోగలను.

నాకు మింగుడుపడనిది ఆ తరవాతి నిదానం. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, తూటాల చప్పుడు లేదు. మన్మత్‌లో ప్రత్యేక న్యాయస్థానం తీరుబడిగా కూర్చుంది. 1840 జనవరిలో జాన్ ఫ్రాస్ట్, జెఫనయా విలియమ్స్, విలియం జోన్స్‌లను ఉరితీసి, తల నరికి, శరీరాన్ని నాలుగు ముక్కలు చేయాలని తీర్పు చెప్పింది. జూరీయే దయ చూపమని కోరినా అదే తీర్పు. ఫ్రాస్ట్ ఒకప్పుడు ఈ ఊరి మేయరే! చివరికి దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మార్చి టాస్మానియాకు ఓడ ఎక్కించారు. ఉరి తప్పించినందుకు ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలని నాకు అనిపించడం లేదు.

పదకొండింటికి ఇండియాలో ఉన్న అమ్మకు ఫోను చేశాను, అక్కడ తెల్లవారుజాము. తాతయ్య బాడిస ఎక్కడుందని అడిగాను. "అటక మీదే, గోనెసంచిలో. ఎందుకే?" అంది. కిందికి దింపి నూనె రాయమన్నాను.