తుంగభద్ర గట్టు దాకా వెళ్లలేదు

2020 నవంబరు 21. తుంగభద్ర పుష్కరాల్లో రెండో రోజు. మా ఆవిడ పప్పులో ఇంగువ పోపు పెడుతోంది. పక్కనే నిలబడ్డా నాకు వాసన తెలియలేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. జ్వరం లేదు, దగ్గూ లేదు.

నాన్నగారు పోయాక కర్నూలుకు వచ్చిన మొదటి పుష్కరం అది. కరోనా వల్ల నదిలో మునకలు వద్దన్న ప్రభుత్వం, పిండ ప్రదానాలకు ఆన్‌లైన్‌లో ముందుగా సమయం తీసుకోమంది. సంకల్‌బాగ్ ఘాట్‌లో 24వ తేదీ ఉదయం నాకు దొరికింది.

వాసన తెలియని ఆ 21నే వెళ్లి కరోనా పరీక్షకు ముక్కులోంచి నమూనా ఇచ్చి, ముందు గదిలో వేరుగా ఉండిపోయాను. 23వ తేదీ రాత్రికి కూడా ఫలితం రాలేదు. "ఇంకా ఏదీ తేలలేదు కదా అన్నయ్యా, మాస్కు పెట్టుకుని వెళ్లి అరగంటలో వచ్చేయ్. నాన్న కోసమే కదా" అన్నాడు తమ్ముడు ఫోనులో. ఆ మాట కాదనడం ఎంత కష్టమో! ఘాట్ దగ్గర ఒంటి వేడి చూసినా నాకు జ్వరమే లేదు. నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు, నేను తప్ప.

కళ్ల ముందు మా పురోహితులే మెదిలారు. అరవై దాటారు, చక్కెర వ్యాధి ఉంది. మంత్రం చెబుతుంటే ఆయన మాస్కు గడ్డం మీదికి జారుతుంది. నువ్వులూ నీళ్లూ వదిలిస్తూ చేతికి చెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. నేను లేచాక అదే పీట మీద ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. మా నాన్న పేరు చెప్పి మరొకరి నాన్నను ప్రమాదంలో పెట్టడానికి మనసొప్పలేదు.

వెళ్లలేదు. మధ్యాహ్నం సందేశం వచ్చింది: పాజిటివ్.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. వాసన పోవడానికి ముందు రెండు రోజుల్లో కలిసినవాళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని ఒక్కొక్కరికీ ఫోను చేశాను. తొమ్మిది మంది. చెల్లెలు ఏడ్చింది. కిరాణా కొట్టు ఆయన "నా పేరు చెప్పకండి అన్నా, కొట్టు మూయిస్తారు" అని బతిమాలాడు. ఏప్రిల్‌లో వీధులకు అడ్డంగా బారికేడ్లు కట్టినప్పుడు బేరాలు లేక ఆయన ఇంట్లో గాజులు కుదువకు వెళ్లాయి. ఆ భయాన్ని తప్పు పట్టలేను. అయినా ఆశా కార్యకర్త అడిగితే చెప్పాను, చెబుతున్నానని ఆయనకు ముందే చెప్పి మరీ. పరీక్షలో ఆయనకు జబ్బు లేదని తేలింది. కొట్టు మాత్రం కొన్నాళ్లు మూతపడింది. వీధి మొత్తం బాగుండాలని ఒక్కడు తలుపులు మూస్తే ఆ నష్టం వీధంతా పంచుకోవాలి. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు, నాకూ ఆలస్యంగానే వచ్చింది. తర్వాతి నెల సరుకులకు ముందుగానే డబ్బు పంపాను. అది చాలదు.

అప్పటి నిబంధన ప్రకారం పది రోజులు, ఆపైన మరో ఏడు రోజులు ఇంట్లోనే ఉండాలి. పుష్కరాలు డిసెంబరు 1తో అయిపోతాయి. మా ఆవిడ కూడా గడప దాటలేదు. చివరి రోజు ఉదయం ఎదురింటి బాబాయి రాగి చెంబుతో తుంగభద్ర నీళ్లు తెచ్చి గేటు దగ్గర పెట్టి వెనక్కి జరిగి నిలబడ్డాడు. పురోహితులు ఫోనులో సంకల్పం చెప్పారు. నల్ల నువ్వులు తడిసిన అరచేతికి అంటుకున్నాయి. నాన్నగారి పేరు చెప్పి, బొటనవేలి పక్కగా పళ్లెంలోకి నీళ్లు వదిలాను.