చిన్నాయనకు ఆ స్టెమ్ సెల్ సూదులు వేయించాలా?

జీబ్రా చేప అనే చారల చిన్న చేప, వెన్నుపాము పూర్తిగా తెగినా 6 నుంచి 8 వారాల్లో మళ్లీ ఈదుతుంది. నా పీహెచ్‌డీ అంతా దీని చుట్టూనే. మత్తుమందు కలిపిన నీళ్లలో చేపను పడుకోబెట్టి, మైక్రోస్కోప్ కింద వెన్నుపాము కోస్తాం. మర్నాటికి తల వైపు భాగం ఈదుతుంటే, తోక కర్రముక్కలా వెనక ఈడ్చుకొస్తుంటుంది. కొన్ని వారాలకు ఆ తోక కదలడం మొదలవుతుంది. నీటి ప్రవాహానికి ఎదురీదే పరీక్షలో అది నిలబడ్డప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

చేప వెన్నుపాము నడిమి సన్నని కాలువను ఆనుకుని ఉన్న కణాలు, దెబ్బ తగలగానే మూలకణాల్లా (స్టెమ్ సెల్స్‌లా) విభజన చెంది కొత్త నాడీకణాలను పుట్టిస్తాయి. నాడీకణాలకు ఆసరాగా ఉండే గ్లియా కణాలు తెగిన రెండు కొసల మధ్య వంతెన కడతాయి. 2016లో డ్యూక్ యూనివర్సిటీ బృందం, ఆ వంతెనకు సీటీజీఎఫ్ఏ అనే జన్యువు అవసరమని చూపించింది. దానికి సాటి జన్యువు మనలోనూ ఉంది. కానీ మనలో గాయం చుట్టూ మచ్చ కడుతుంది. అందులోని పదార్థాలు, నాడులపై ఉండే మైలిన్ పొరలోని నోగో లాంటి ప్రొటీన్లు నరాల పోగులను ముందుకు సాగనివ్వవు.

మాది గీత వృత్తి చేసే కుటుంబం. రెండేళ్ల కిందట మోకు జారి చిన్నాయన తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము కింద స్పర్శ లేదు. మొన్న చిన్నమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, నువ్వు సదివేది గిదే గదా. ఆ స్టెమ్ సెల్ సూదులు ఏపిస్తే మీ చిన్నాయన లేచి నడుస్తడా? పొలం అమ్ముదామనుకుంటున్నం."

వద్దని చెప్పాను. ఆశ చంపుతున్నానేమోనని చాలా బాధపడ్డాను, అయినా వద్దనే చెప్పాను. జపాన్‌లో కేయో యూనివర్సిటీ వాళ్లు ఐపీఎస్ కణాల (మామూలు కణాలను మార్చి చేసే మూలకణాల) నుంచి తయారుచేసిన కణాలను నలుగురికి ఎక్కించారు. 2025లో చెప్పిన ఫలితాల్లో ఇద్దరికి కదలిక మెరుగైంది. అది మంచి కబురే. కానీ వాళ్లకు ఎక్కించింది గాయమైన రెండు నుంచి నాలుగు వారాల్లో. పాత గాయాలకు అది వర్తిస్తుందని ఇంకా తేలలేదు.

పొలం డబ్బుతో కాకపోయినా ఇంట్లోనే చేయాల్సినవి చాలా ఉన్నాయి. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. యూరిన్ పైపు శుభ్రంగా ఉంచాలి, జ్వరం వస్తే ఆలస్యం చేయొద్దు. ఫిజియోథెరపీ మానొద్దు. ఇలాంటి పేషెంట్ల ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా ఆ పుండ్లు, ఆ ఇన్ఫెక్షన్లే. మొన్నటి ఫోన్‌లో ఎక్కువసేపు మాట్లాడింది వీటి గురించే.

మీ ఇంట్లోనూ ఇలాంటి మాట వస్తే ఒకటి గుర్తుంచుకోండి. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము గాయాలకు స్టెమ్ సెల్స్‌ను క్లినికల్ ట్రయల్‌లో (మనుషులపై చేసే పరిశోధనలో) తప్ప ఇవ్వకూడదు. ట్రయల్ అయితే సీటీఆర్ఐ (దేశంలోని ట్రయల్స్ జాబితా) నమోదు నంబరు ఉంటుంది, పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ నంబరు అడగండి.