నీళ్లు వెచ్చబడితే సముద్రం ఎక్కువ పండుతుందా?

వెచ్చదనానికి మొక్క ఏపుగా ఎదుగుతుంది కదా, సముద్రంలోనూ అంతే అనుకుంటారు చాలామంది. నీళ్లలో తేలే సూక్ష్మ మొక్కలైన వృక్ష ప్లవకాలు పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెండింతల వేగంతో ఎదగగలవు, నిజమే. కానీ అది ఎరువు అందినప్పటి మాట. 200 మీటర్ల లోపు లోతుండే ఖండతీరపు అంచు మీద, సమశీతోష్ణ ప్రాంతాల్లో, వేసవికల్లా పై నీళ్లలో వాటి ఎరువైన నైట్రేట్ అయిపోతుంది. ఉన్నదంతా అడుగు చీకట్లో, థర్మోక్లైన్ అనే మూత కింద (పైన వెచ్చని తేలిక నీళ్లు, కింద చల్లని బరువు నీళ్లు కలవకుండా ఉండే మధ్య పొర అది) ఉండిపోతుంది.

వేడి ఆ మూతను బిగిస్తుంది. 5 డిగ్రీల ఉప్పునీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఘనమీటరుకు 0.1 కిలో తేలికవుతాయి. 25 డిగ్రీల దగ్గర అదే డిగ్రీకి 0.3 కిలో.

మూత ఎక్కడ పడుతుందో పోటు తేలుస్తుంది: దాని ప్రవాహం నీళ్లను అడుగు నుంచి కలుపుతుంది. సింప్సన్, హంటర్ అనే పరిశోధకులు 1974లో, బ్రిటన్, ఐర్లండ్‌ల మధ్య ఉన్న ఐరిష్ సముద్రంలో చూపిన లెక్క సులువైనది: మీటర్లలో లోతును, సెకనుకు మీటర్లలో పోటు వేగపు ఘనంతో భాగించాలి. 500 దరిదాపుల్లో వస్తే అది పొరలు కట్టే నీళ్లకూ, కలగలిసే నీళ్లకూ సరిహద్దు. 80 మీటర్ల లోతు, 0.3 వేగం అయితే దాదాపు 2960. వేసవిలో పొరలు కట్టి తీరుతుంది. 40 మీటర్ల లోతు, 1 మీటరు వేగం అయితే 40. ఏడాదంతా కలగలిసే ఉంటుంది. వేగం ఘనంలో ఉంది కనుక, పైనుంచి అందే వేడి 10 శాతం పెరిగినా సరిహద్దు 3 శాతం ఎక్కువ వేగమున్న చోటికి జరిగితే సరిపోతుంది. కాబట్టి హద్దు పెద్దగా కదలదు. పొరలు మాత్రం ముందే కట్టి, ఆలస్యంగా విడిపోతాయి. అంతకాలమూ అడుగు నీళ్లకు గాలి తగలదు. పైగా 10 డిగ్రీల సముద్రపు నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 20 డిగ్రీలవి 7.4 మాత్రమే. అది 2కి పడిపోతే చేపలు ఆ చోటు వదిలేస్తాయి, కదల్లేని జీవాలు చస్తాయి.

నన్నడిగితే అసలు దిగులు బయటి మహాసముద్రం గురించి. అంచు మీది నైట్రేట్‌లో పెద్ద వాటా నదులది కాదు, బయటి లోతు నీళ్లది. అక్కడ చలికాలపు కలయిక లోతుకు వెళ్లకపోతే ఇక్కడ పెట్టుబడే తగ్గుతుంది. ఘనమీటరుకు 8 మిల్లీమోల్ నైట్రేట్ ఉంటే, ప్లవకాల్లో ఉండే నిష్పత్తి ప్రకారం 16 నత్రజని అణువులకు (పరమాణువులకు) 106 కార్బన్ చొప్పున, వసంతంలో 0.64 గ్రాముల కార్బన్ దాకా పండుతుంది. 7కి దిగితే ఎనిమిదో వంతు పోయినట్టే, నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నా సరే.

ఉపగ్రహం చూపే ఆకుపచ్చ రంగుతో తీర్పు చెప్పేయకండి. వేసవి పంటలో చాలా భాగం 20–40 మీటర్ల కింద మూతనంటుకుని ఉంటుంది, అది పైకి కనపడదు. ఎండ ఎక్కువైతే కణం తనలోని పత్రహరితాన్ని తగ్గించుకుంటుంది కూడా. చలికాలం చివర, పొరలు కట్టకముందు, నైట్రేట్ కొలిచి పెట్టుకోండి. ఆ ఏటి వసంతపు పంటకు గరిష్ఠ పరిమితి అదే.