ఎలుగుబంటి వచ్చిందా, వచ్చాడా?

మినెసోటా ఉత్తర అడవుల్లో రెండు రోజులకని అద్దెకు తీసుకున్న ఇంటి పెరట్లోకి, పిట్టలకోసం వేలాడదీసిన గింజల మీద ఆశతో ఒక నల్ల ఎలుగుబంటి వచ్చినప్పుడు, మా ఐదేళ్ల పాప కిటికీలోంచి చూసి "అమ్మా, ఎలుగుబంటి వచ్చాడు" అని కేక పెట్టింది. "వచ్చాడు కాదమ్మా, వచ్చింది" అని అలవాటు కొద్దీ దిద్దాను. ఆ ప్రాంతం ఓజిబ్వేలనే అమెరికా ఆదివాసుల సీమ. వారి భాష గురించి చదవడం మొదలుపెట్టాక, పాప తప్పులోనే ఎక్కువ న్యాయం ఉందనిపించింది.

మన వ్యాకరణంలో మగవాడు ఒక్కడే "వచ్చాడు". అమ్మాయి, ఎలుగుబంటి, బస్సు, జ్వరం అన్నిటికీ "వచ్చింది"తోనే సరి. ఓజిబ్వేలో ఆడ, మగ తేడా లేదు. ప్రాణం గలవి, లేనివి అన్న విభజన ఉంది, దానిని బట్టి క్రియే మారిపోతుంది. "మక్వా"ను, అంటే ఎలుగుబంటిని, చూస్తున్నానని చెప్పాలంటే "నివాబమా" అనాలి. మనిషిని చూసినా అదే మాట. పడవను చూస్తే మాత్రం "నివాబందాన్". ఎలుగుబంటి మనలాంటిదేనని అక్కడి పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా బోధించనక్కరలేదు, మాటలు నేర్చే వయసులోనే అది నాలుకకు అలవడుతుంది. అయితే ఈ విభజన అంత తేలికగా లొంగేది కాదు: రాయి ప్రాణం గలవాటిలో చేరింది, రాస్ప్‌బెర్రీ చేరింది, బ్లూబెర్రీ చేరలేదు! 1930ల్లో కెనడాలోని మానిటోబాలో బెరెన్స్ నది తీరాన మానవశాస్త్రవేత్త హాలొవెల్ ఒక ఓజిబ్వే ముసలాయనను "ఈ చుట్టూ ఉన్న రాళ్లన్నిటికీ ప్రాణం ఉందా?" అని అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి "అన్నిటికీ లేదు, కొన్నిటికి ఉంది" అన్నాడట.

మనకు గోత్రం ఎలాగో వారికి "దోదెమ్" అలాగ, కాకపోతే దానికి ఏదో ఒక జంతువు పేరు ఉంటుంది. తండ్రి వైపు నుంచి వస్తుంది, ఒకే దోదెమ్ వారు పెళ్లాడకపోవడం ఆచారం. ఇంగ్లిషులోని "టోటెమ్" ఈ మాట నుంచే పుట్టింది. ఊరి కాపలా, మూలికల వైద్యం ఎలుగుబంటి దోదెమ్ వారి బాధ్యతలని చెబుతారు.

ఇదంతా మన అహింస వంటిదనుకుంటే పొరపాటు. వారు ఎలుగుబంటిని వేటాడారు, తిన్నారు. కాని చంపేముందు దానితో మాట్లాడి మన్నించమనేవారు, ఎముకలు కుక్కల పాలు కానివ్వకుండా జాగ్రత్తపడేవారు, పుర్రెను చెట్టుకు కట్టేవారు. మూలిక తీసేటప్పుడు కూడా ముందు చిటికెడు పొగాకు నేల మీద ఉంచుతారు. పిల్లలు పెద్దల పక్కన నిలబడి చూసి నేర్చుకుంటారు.

ప్రభుత్వ వసతి పాఠశాలలు కొన్ని తరాలపాటు ఆ పిల్లల నోట ఆ భాష వినబడకుండా చేశాయి. ఇప్పుడు విస్కాన్సిన్‌లో వాదూకొదాదింగ్ అనే బడి ఓజిబ్వేలోనే చదువు చెబుతోంది. ఆ పేరుకు ఒకరికొకరు సాయపడే చోటు అని అర్థం. పవిత్ర గాథలను మాత్రం ఏ కాలంలో పడితే ఆ కాలంలో చెప్పరు. వేసవిలో కథ చెప్పమని ఎంత మారాం చేసినా, నేల మీద మంచు పడేదాకా ఆ పిల్లలు ఆగవలసిందే.