గొట్టంలో నీళ్లు, పదకొండో రాత్రి

నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకి నేను సీపాప్ పెట్టుకుని పడుకుంటాను, అంటే గొట్టం, మాస్కు ద్వారా ముక్కులోకి గాలి ఒత్తే యంత్రం. రాత్రి మళ్లీ అదే. మూడుంపావుకి ముక్కులోకి చల్లటి చుక్క పడి ఉలిక్కిపడి లేచాను. గొట్టం కదిపితే గుడగుడ. మా ఆవిడ అటు తిరిగి పడుకునే, "ఏటండీ, మళ్లీ హుక్కా మొదలెట్టేరా?" అంది. గురక పెట్టే రోజుల్లో కూడా ఇంత విసుక్కోలేదు.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి: ఏహెచ్‌ఐ (గంటకి ఊపిరి ఎన్నిసార్లు ఆగడమో తగ్గడమో జరిగిందో ఆ లెక్క) 34 నుంచి 2కి దిగింది, మాస్కు లీకు సర్దుకుంది. ముక్కు రంధ్రాల దగ్గరే ఆనే చిన్న మాస్కు ఎయిర్‌ఫిట్ పీ10కి మారాక ముక్కు మీద మచ్చ కూడా పోయింది. నిండు ముఖం మాస్కు ఎవరికి నప్పుతుందో గానీ, నాలాంటి మీసాలవాడికి కాదు.

నీళ్ల సంగతే తేలడం లేదు. పొద్దున్న గొట్టం విప్పి దగ్గు మందు మూతలోకి వంచాను. 5 ఎం.ఎల్. గీత దాకా రెండుసార్లు నిండి, ఇంకో సగం వచ్చింది. అంటే పన్నెండు పైనే.

ఏసీ 24, హ్యూమిడిఫైయర్ (గాలిని తడిపే నీళ్ల ట్యాంకు) 4, ఆరడుగుల మామూలు గొట్టం. లెక్క వేసి చూశాను. 28 డిగ్రీల దగ్గర ఆవిరితో నిండిన గాలి ఘనపు మీటరుకి 27 గ్రాముల నీరు పట్టుకుంటుంది. అదే 24కి చల్లబడితే 22 గ్రాములే. ఆ తేడా నీరు గొట్టం లోపలి గోడకి అంటుకుంటుంది, మజ్జిగ గ్లాసు బయట చెమట పట్టినట్టు. నిమిషానికి 30 లీటర్ల చొప్పున గాలి పోతే గంటకి దాదాపు 9 గ్రాములు. గాలి అంత నిండుగా తడిగా ఉండదు కాబట్టి నా పన్నెండు నమ్మదగ్గ లెక్కే.

హ్యూమిడిఫైయర్ 2కి తగ్గిస్తే నీళ్లు 5కి తగ్గాయి, కానీ ముక్కు ఎండి పొద్దున్న రక్తపు చార. ఏసీ 27లో పెడితే 3 ఎం.ఎల్.లే. అయితే చెమటకి మాస్కు జారింది, మా ఆవిడ దిండు తీసుకుని హాల్లోకి పోయింది. యంత్రాన్ని బల్ల మీంచి దించి పీట మీద పెడితే నీరు వెనక్కి ట్యాంకులోకి పోతోంది. ఇది మాత్రం ముందే చేయాల్సింది. పాత స్వెట్టర్ చేతులు రెండూ కత్తిరించి గొట్టానికి తొడిగితే 4 ఎం.ఎల్.కి దిగింది, గెలిచాననుకున్నాను. ప్రెషర్ జోలికి పోలేదు, అది డాక్టరు గారి లెక్క.

మరి నిన్న మళ్లీ పన్నెండెందుకు? పొద్దున్న ఏసీ ఆన్‌లో ఉంచి గొట్టాన్ని జానెడు జానెడు తడిమాను. స్వెట్టర్ చేతులు రెండూ కలిపితే నాలుగడుగులే, మాస్కు వైపు రెండడుగులు బోసిగా ఉన్నాయి. మొన్న ఏసీ సర్వీసుకి వచ్చిన కుర్రాడు రెక్కలు కిందికి వంచి వెళ్లాడు. గాలి సరిగ్గా ఆ రెండడుగుల మీదే పడుతోంది. తాకితే ఫ్రిజ్‌లోంచి తీసిన సొరకాయలా ఉంది. నా అనుమానం దాని మీదే. ముసురుకి గది గాలి కూడా తడిగా ఉందేమో, అదీ కొట్టేయలేను.

వేడి గొట్టం కొంటే పీడా పోతుందని అందరూ అంటారు. నిజమే. కానీ కరెంటు పోతే ఇన్వర్టర్ మీద అదో బరువు. తెల్లవార్లూ నడవాలంటే హ్యూమిడిఫైయర్ కూడా ఆపేయాలని నా ఉద్దేశం, ఎన్ని గంటలు లాగుతుందో ఒక రాత్రి చూస్తాను.

ఈ రాత్రికి ఏసీ రెక్కలు పైకి, మిగిలిన రెండడుగులకీ పాత మేజోళ్ల జత. సిరిమాను పండక్కి మా తోడల్లుడి పిల్లలు దిగుతున్నారు. మా విజయనగరం ఇంట్లో ఏసీ ఉన్నది ఈ గదిలోనే. వాళ్లు దాన్ని 20కి దించకుండా పడుకోరు. ఈలోపు ఇది తేలకపోతే ఆ రెండు రాత్రులూ యంత్రంతో సహా నేను హాల్లోకే.