బిల్లులో పేరు మాయమైన రాత్రి
నిన్న ఒక పాత బిల్లింగ్ సైటును, వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ 7 నుంచి 8కి మార్చాను. ఎర్రర్ ఒక్కటీ రాలేదు, కానీ ప్రతి బిల్లులోనూ ఖాతాదారు పేరు ఖాళీ! రెండు గంటలు వెతికితే కారణం దొరికింది. క్లాసు (బిల్లుల నమూనా) పేరు ‘బిల్లు’, కన్‌స్ట్రక్టర్ (కొత్త బిల్లు తయారవగానే తనంతట తాను నడిచి విలువలు నింపే ఫంక్షన్) పేరూ ‘బిల్లు’. అది పీహెచ్‌పీ 4 నాటి పద్ధతి. కన్‌స్ట్రక్టర్‌కు రెండు అండర్‌స్కోర్లతో మొదలయ్యే ‘కన్‌స్ట్రక్ట్’ అనే పేరు 2004లోనే, ఐదో వెర్షన్‌తో వచ్చింది. ఏడో వెర్షన్ పాత పద్ధతి వద్దని హెచ్చరిస్తూనే ఉంది. ఆ హెచ్చరికలు కనబడకుండా ఎవరో ఆపేశారు. ఎనిమిదో వెర్షన్‌కు క్లాసు పేరే ఉన్న ఆ ఫంక్షన్ మామూలు మెథడ్ (మనం పిలిస్తేనే నడిచేది) మాత్రమే. ‘న్యూ’ అని కొత్త బిల్లు తయారుచేసినప్పుడు దాన్ని పిలవనే పిలవదు, మనం ఇచ్చిన విలువలు చడీచప్పుడు లేకుండా పోతాయి. నాకు భయం వేసింది అక్కడే.

కన్‌స్ట్రక్టర్ పేరును ‘కన్‌స్ట్రక్ట్’గా మార్చగానే ఖాతాదారులందరూ తిరిగొచ్చారు. పనిలో పనిగా కన్‌స్ట్రక్టర్ బ్రాకెట్లలోనే ‘ప్రైవేట్’ అని రాసి, విలువలను దాచుకోవడానికి విడిగా రాసిన పది లైన్లు తీసేశాను. ఎనిమిదో వెర్షన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సదుపాయం ఇదే.